మాస్టరు గారి వాటా

ఆరువందల మందికి వండేవాడికి ఇద్దరికి వండటం ఒక పనా అనుకుంటారు ఎవరైనా. మాస్టరు కూడా అలాగే అనుకున్నాడు. తీరా ఇంట్లో పొయ్యి ముందు నిలబడ్డాక గానీ ఆయనకి తెలిసిరాలేదు, ముప్ఫై ఏళ్ళ విద్యంతా పెద్ద గిన్నెలతోనే ముడిపడి ఉందని, చిన్న గిన్నె ముందు తను అక్షరం ముక్క రానివాడినని.

ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెద్ద గరిటె ఆయనదే. అక్కడ నడుమెత్తు గిన్నెలు, పారల్లాంటి గరిటెలు, బస్తాల్లో బియ్యం, బుట్టల్లో ఉల్లిపాయలు. ఉప్పుని ఆయన చెంచాతో కొలిచిన పాపాన పోలేదు. దోసిలితో వేస్తాడు. అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని, నాలుకకి తగిలించి, కళ్ళు మూసుకుని, "ఇంకో పిడికెడు" అంటాడు. ఇక దానికి తిరుగులేదు. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. కార్మికుల నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన మాస్టరే, ఇంటి చుట్టుపక్కల వాళ్ళకి కూడా.

అంతటి మాస్టరు మొదటిరోజు ఇంట్లో వండిన అన్నం పదిమందికి సరిపోయింది. ఉప్పు మాత్రం ఇరవై మందికి సరిపోయింది.

మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్న భార్య రెండు చెంచాలు తిని, మంచినీళ్ళు అడిగింది. గ్లాసు పట్టుకున్న ఆమె చెయ్యి చూసి మాస్టరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. గాజులు నిలవని ఆ మణికట్టు మరీ సన్నబడిపోయింది.

ఊపిరితిత్తులకి నెమ్ము చేరి ఆవిడ నెలరోజులు ఆసుపత్రిలో ఉంది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, వాటితోపాటు ఆకలి కూడా పోయింది. చివరి పన్నెండు రోజులూ ముక్కులోంచి గొట్టం వేసి దాంతోనే పాలలాంటి మందేదో పోశారు. మనిషి నొప్పికి ఓర్చుకోగలదు గానీ ఆ గొట్టానికి ఓర్చుకోలేకపోయింది. ఒకరోజు మాస్టరు చెయ్యి పట్టుకుని, "ఇది తీయించండి, ఇంటికెళ్ళి ఏది పెడితే అది తింటాను" అని ఏడ్చింది. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆవిడ ఆయన్ని నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం బహుశా అదే మొదటిసారి.

డాక్టరు ఇంటికి పంపుతూ ఒక షరతు పెట్టాడు. ఇప్పుడు ముప్ఫై ఎనిమిదిన్నర కిలోలు ఉంది. మూడు వారాల్లో నలభైకి రావాలి. ప్రతి సోమవారం తీసుకొచ్చి బరువు చూపించాలి. మూడో సోమవారానికి ముల్లు నలభైకి చేరకపోతే మళ్ళీ మంచం, మళ్ళీ గొట్టం.

"ఏం పెట్టమంటారు?" అని మాస్టరు అడిగాడు.

"ఆవిడకి ఇష్టమైనది ఏదైనా పెట్టండి. ఇంటి వంటే మంచిది" అన్నాడు డాక్టరు.

అదెంత భాగ్యం అనుకున్నాడు మాస్టరు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి మూడు వారాల పైన సెలవు పెట్టాడు. వాళ్ళకి పిల్లలు లేరు, ఇద్దరే ఇద్దరు. కాబట్టి చేసినా ఆయనే, చూసుకున్నా ఆయనే.

ఆ వారమంతా ఆ చిన్న వంటగది పెళ్ళి పందిరిలా వెలిగిపోయింది. మాంసం గంటలకొద్దీ సన్నని సెగ మీద ఉడికింది. జీడిపప్పు నూరి, మీగడ కలిపి, చిక్కటి కూరలు తయారయ్యాయి. పళ్ళెంలో ఐదు గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో రంగు. ఫ్యాక్టరీకి పెద్ద పెద్ద వాళ్ళు వచ్చినప్పుడు పెట్టే భోజనం అది. పళ్ళెం భార్య ముందు పెట్టి, చేతిలో గరిటెతో పక్కనే నిలబడేవాడు. అది క్యాంటీన్ అలవాటు. వడ్డించినవాడు కూర్చోకూడదు, తినేవాళ్ళ పళ్ళెం మీదే కన్ను ఉండాలి.

"ఇంకొంచెం వెయ్యనా?"

"ఉందిగా."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"మరి తినవే?"

"తింటున్నానుగా."

ఆ తినడం మూడు చెంచాలు. ఆ తర్వాత ఒక్కో గిన్నె మీదా ఒకసారి చెంచా తిప్పి, అన్నీ రుచి చూసినట్టు చేసి, చాలంటే మొగుడు చిన్నబుచ్చుకుంటాడని ఇంకో చెంచా బలవంతంగా మింగేది. మాస్టరు అది చూసేవాడు. జనం ఎలా తింటారో కూర్చున్న తీరు బట్టి చెప్పగలిగినవాడు, ఎదుట ఉన్న ఒక్క మనిషికి తినిపించలేక ఉసూరుమనేవాడు.

మొదటి సోమవారం ముల్లు ముప్ఫై ఎనిమిది మీద మూడు గీతల దగ్గర ఆగింది. ఉన్న బరువులో రెండు వందల గ్రాములు తగ్గింది.

"ఏంటి బాబాయిగారూ, మీరు వంట మాస్టరంట కదా?" అంది నర్సు. పాపం ఆ అమ్మాయి వెటకారానికి అనలేదు. అయినా మాస్టరుకి తల కొట్టేసినట్టయింది. పక్కనే భార్య చెప్పులు వేసుకుంటూ, గోడకున్న మేకుకి వేలాడుతున్న గొట్టాల చుట్టని చూస్తోంది. చూడనట్టే చూస్తోంది.

ఇంటికొచ్చాక ఆమె మంచం దగ్గర కూర్చుని అడిగాడు. "చెప్పు, నీకేం తినాలనుంది? ఏదైనా సరే చేస్తాను."

"మీ ఇష్టం."

"నా ఇష్టం కాదు. నీ ఇష్టం."

"మీరేం చేసినా బాగానే ఉంటుంది" అని కళ్ళు మూసుకుంది.

మాస్టరు వంటగదిలోకి వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాడు. మేనేజరు పచ్చిమిర్చి ముట్టడు. స్టోరు గుమాస్తాకి వంకాయ పడదు. నాలుగో షెడ్డులో వెల్డింగు చేసే పొడుగాటివాడు పప్పు ఉంటే రెండుసార్లు అన్నం అడుగుతాడు. ఇలా మూడు వందల మంది నాలుకలు ఆయనకి కంఠతా వచ్చు. భార్యకి ఏం ఇష్టమో మాత్రం ఎంత తవ్వినా జ్ఞాపకం రాలేదు. మర్చిపోతే కదా జ్ఞాపకం రావడానికి. అసలెప్పుడూ చూడలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్ళేవాడు, సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు. సెలవు రోజున కూడా ఎవరింట్లోనో పెద్ద వంట అని పిలుపు వచ్చేది. ఆ మధ్య వేళల్లో ఈ ఇంట్లో ఈ మనిషి ఏం వండుకుందో, ఏం తిన్నదో ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

అడగాల్సిన మనిషి ఒక్కతే ఉంది. పక్క వాటాలో బట్టలు కుట్టే టైలరమ్మ.

వెళ్ళేసరికి ఆవిడ మెడలో టేపు వేసుకుని, కిటికీ దగ్గర మిషను తొక్కుతోంది. చుట్టూ గుడ్డముక్కలు, దారప్పోగులు.

"రండి అన్నయ్యగారూ, వదినకెలా ఉంది?"

మాస్టరు గుమ్మంలోనే నిలబడి గడప మీద కాలు ఆడించాడు. "ఒక మాట అడగాలి చెల్లెమ్మా. నవ్వకూడదు."

"నవ్వొచ్చే మాటైతే నా చేతుల్లో ఉండదండీ మరి."

"మా ఆవిడ రోజూ ఏం తినేది?"

మిషను ఆగిపోయింది. టైలరమ్మ నవ్వలేదు. ఆయన మొహంలోకి ఓసారి చూసి, స్టూలు మీదున్న గుడ్డలు తీసి పక్కన పెట్టింది.

"కూర్చోండి" అంది. "ఇరవై ఏడేళ్ళు కాపురం చేసి, వచ్చి నన్నడుగుతున్నారా?"

"తనని అడిగితే మీ ఇష్టం అంటోంది."

"అంటుంది. ఆవిడ ఎప్పుడు తన ఇష్టం అని నోరు తెరిచింది గనక?" టైలరమ్మ కత్తెర బల్ల మీద పెట్టింది. "మధ్యాహ్నం మేమిద్దరం ఇదిగో, ఈ గుమ్మంలోనే కూర్చుని తినేవాళ్ళం. వదిన ఒకే ఒక గిన్నె తెచ్చేది. అందులో ఏముండేదంటారా? ఏముంటుంది! గుప్పెడు బియ్యం, గుప్పెడు పప్పు, ఆవేళ ఇంట్లో ఏ ఆకుకూర ఉంటే అది. అన్నీ కలిపి పడేసి మెత్తగా ఉడకబెట్టేది. ఓరోజు బంగాళాదుంప, ఓరోజు టమాటా. తోముకోవడానికి గిన్నె కూడా ఒకటే. 'మా ఆయనకి చెప్పకు, ఆయన దీన్ని వంటనడు' అనేది."

"మరి పొద్దున్న?"

టైలరమ్మ దారప్పోగు ఒకటి వేలికి చుట్టుకుంది. "అది చెబితే వదిన నా మీద ఇంతెత్తున లేస్తుంది."

"చెప్పమ్మా. దాని ప్రాణం మీదకి వచ్చింది."

"రాత్రి మిగిలింది తినేది."

"ఏం మిగిలేది?"

"మీ వాటా, అన్నయ్యగారూ."

మాస్టరుకి అర్థం కాలేదు. ఆవిడే చెప్పుకొచ్చింది. "నేనీ ఇంటికొచ్చి పదిహేనేళ్ళు. మన మధ్య గోడ ఒకటే, అది కూడా పలచన. రోజూ వినేదాన్ని. మీరు తలుపు తీసిన చప్పుడు, వెంటనే వదిన 'తినొచ్చారా?' అనడం, మీరు 'తినే వచ్చా' అనడం. ఒక్కరోజు తప్పలేదు. మీరు తినొస్తారని ఆవిడకి తెలుసు. తెలిసీ ఇద్దరికీ వండేది. ఏరోజైనా ఆకలితో వస్తారేమో, ఇంట్లో లేదనకూడదు అనేది. మీ వాటా మూతేసి ఉంచేది. పొద్దున్న ఓ ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు కోసి వేయించి, గుడ్డు కొట్టి, ఆ అన్నం అందులో వేసేది. పది నిమిషాల పని. ఖర్చా? గుడ్డుకైన ఖర్చే. ఆ వాసనకి నేను మిషను మీంచి లేచిపోయేదాన్నండీ. నాకూ ఓ గిన్నెలో పెట్టి ఇచ్చేది."

"నిన్నటి అన్నం" అన్నాడు మాస్టరు మెల్లగా.

"అదే. మీకు తెలిస్తే ఊరుకోరని గిన్నె తోమేసి బోర్లించేదాకా కుదురుగా ఉండేది కాదు."

క్యాంటీన్ గోడ మీద, పొయ్యిల పైన, ఎర్ర రంగుతో ఒక బోర్డు ఉంది. 'నిన్న వండినది ఈరోజు వడ్డించబడదు.' రాయించింది మాస్టరే. ఆయన పేరు నిలబడింది ఆ మాట మీదే. ఒకసారి ఒక అసిస్టెంటు వంటవాడు నిన్నటి అన్నం నాలుగు గరిటెలు కొత్త అన్నంలో కలిపితే, ఆ గిన్నె మొత్తం పారబోయించి, ఆ మనిషిని మళ్ళీ ఆ గడప తొక్కనివ్వలేదు.

టైలరమ్మ గుమ్మంలోంచి తమ గుమ్మంలోకి పది అడుగులు. ఆ పది అడుగుల్లో ఆయనకి ఇంకొకటి గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తల్లో ఒకరోజు ఫ్యాక్టరీకి నీళ్ళు రాక పొద్దున్నే ఇంటికొచ్చాడు. భార్య పొయ్యి దగ్గర నిలబడి నిన్నటి అన్నం వేయిస్తోంది. "నా ఇంట్లో చద్ది తిండా? ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి?" అని అరిచి, మూకుడు తీసుకెళ్ళి చెత్తబుట్టలో వంపేశాడు. ఆమె మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు. ఆయన ఆ సంగతి ఆ సాయంత్రానికే మర్చిపోయాడు. ఇన్నేళ్ళూ మర్చిపోకుండా ఉన్నది ఆమె ఒక్కతే.

ఆయనకి సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్న నడుం కట్టాడు. అయితే ముప్ఫై ఏళ్ళ చెయ్యి ఒక్కరోజులో మాట వింటుందా? నిన్నటి అన్నం వాడటానికి ఎంత ప్రయత్నించినా మనసొప్పలేదు. చల్లారిన అన్నమే కదా కావాల్సింది అని తనకి తానే సర్దిచెప్పుకుని, అప్పటికప్పుడు బియ్యం ఉడికించి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, ఫ్యాను కింద పెట్టాడు. ఉల్లిపాయ కోశాడు. అంత సన్నగా ఆ వీధిలో ఎవరూ కోయలేరు. గుడ్డు కొట్టాడు. అన్నం వేసి కలిపాడు. అది మెతుకు మెతుకూ అంటుకుపోయి, గోడకి పోస్టర్లు అంటించే జిగురులా తయారైంది. ఆరువందల మందికి వండే మాస్టరు ఆ మూకుడు వంక తెల్లమొహం వేసుకుని చూస్తూ నిలబడ్డాడు.

వెనక నుంచి చప్పుడైంది. భార్య గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, వంటగది గుమ్మం దాకా వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ తనంతట తాను మంచం దిగడం అదే మొదలు. ఉల్లిపాయ వాసన లేపుకొచ్చింది.

మూకుడులోకి తొంగిచూసి, "ఇవాళ్టి అన్నంతో రాదండీ అది" అంది.

"ఆరబెట్టానుగా."

"ఆరితే సరిపోదు. రాత్రంతా ఉండాలి." అని ఆయన వంక తిరిగి, "టైలరమ్మ చెప్పిందా?" అంది.

"చెప్పింది."

"దానికి కడుపులో మాట దాగదు" అంది గానీ కోపం లేదు. మూతి బిగించి నవ్వాపుకుంటోంది.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"చెబితే పారేస్తారని."

అందులో నిష్ఠూరం కూడా లేదు. కూరలో ఉప్పు లేదన్నంత మామూలుగా అంది. అందుకే మాస్టరుకి ఇంకా గట్టిగా తగిలింది. ఆ జిగురుముద్దనే పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. ఆవిడ ఆరు చెంచాలు తింది. మాస్టరు లెక్కపెట్టాడు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో పద్ధతి మారింది. టైలరమ్మ చెప్పినట్టు ఒకే గిన్నెలో బియ్యం, పప్పు, ఆకుకూర ఉడికించడం నేర్చుకున్నాడు. మొదట్లో చెయ్యి ఊరుకునేది కాదు, మీగడ డబ్బా వైపు దానంతటదే వెళ్ళేది. భార్య మంచం మీంచే, "ఏమీ వెయ్యకండి" అనేది. "ఇంకా ఏమీ వెయ్యకండి." ఉప్పు ఎంతో కూడా ఆవిడే చెప్పింది, మూడు వేళ్ళతో చిటికెడు తీసి చూపించి. మాస్టరు తన మూడు వేళ్ళు పెడితే దానికి రెండింతలు వచ్చింది. చివరికి ఆవిడ చేత్తోనే వేయించుకున్నాడు. ఆరువందల మందికి మాస్టరు, ఒక్క చిటికెడు దగ్గర శిష్యుడైపోయాడు.

సాయంత్రం ఆ కలగలుపు పప్పు గిన్నెతోపాటు ఇద్దరికి సరిపడా అన్నం విడిగా వండేవాడు. అందులో తన వాటా మూతేసి పొద్దున్నకి దాచేవాడు. తనకంటూ ఆకలి ఉందని ఆయనకి గుర్తే లేదు. వంటవాడి తిండి ఎప్పుడూ నిలువుకాళ్ళ మీదే. అక్కడో ముక్క, ఇక్కడో చుక్క, గరిటె అంచున అంటుకున్నది. ఇక పొద్దున్న ఆ దాచిన అన్నంతో వేయించి పెడితే, ఆవిడ నిజంగానే తినేది. పళ్ళెం అడుగు కనిపించేది.

అయితే సాయంత్రాలు మాత్రం మారలేదు. మంచం మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేది, నాలుగు చెంచాలు తినేది, ఆపేసేది. మాస్టరు గరిటెతో నిలబడి, "ఇంకొంచెం" అనేవాడు. ఆవిడ, మూతపెట్టి ఉన్న ఆ గిన్నె వంక చూసి, తల అడ్డంగా ఊపేది.

రెండో సోమవారం ముల్లు ముప్ఫై తొమ్మిది మీద ఒక గీత దాటింది. నర్సు సంతోషించింది. డాక్టరు మాత్రం, "ఇంకా తొమ్మిది వందల గ్రాములు కావాలి, వారమే ఉంది" అన్నాడు. కాగితం మీద ఏదో రాసి, "చూద్దాం, ఒక మంచం ఖాళీగా ఉంచమని చెబుతాను" అన్నాడు. వచ్చేటప్పుడు ఆటోలో భార్య చీర చెంగుని ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ గొట్టం దారి ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఆ సాయంత్రం మాస్టరు పప్పు గిన్నె దించి, ఆవిడ పళ్ళెంలో వడ్డించి, అన్నంలో తన వాటా చిన్న గిన్నెలోకి తీసి మూతపెట్టబోయాడు. ఆ మూత వేరే గిన్నెది, దీనికి సరిగ్గా కూర్చోదు. దాని పిడి ఎప్పుడో ఊడిపోతే ఆవిడే ఒక చెక్కముక్కని స్క్రూతో బిగించింది. రోజూ వాడటం వల్ల ఆ చెక్క నల్లగా నున్నగా అయిపోయింది.

"అదెవరికి?" అంది భార్య.

"పొద్దున్నకి. నీకు."

"మరి మీకు?"

"నాకేంటి, నేను ఏదో ఒకటి తింటాలే. అది నీకు ఇష్టం కదా, తగ్గితే ఎలా?"

ఆవిడ చెంచా పళ్ళెంలో పెట్టేసింది. "ఇష్టమని ఎవరు చెప్పారు?"

"టైలరమ్మ..."

"టైలరమ్మకి ఇష్టం. అది లొట్టలేసుకుని తినేది. నేను మిగిలింది కాబట్టి తిన్నాను." పళ్ళెం పక్కకి జరిపింది. "మీరు తినలేదు కాబట్టి తిన్నాను. వండినదాన్ని పారేయడానికి చేతులు రాక తిన్నాను. పొద్దున్నే ఆ మూత తీసేటప్పుడు నాకెలా ఉండేదో తెలుసా మీకు? ఇవాళ కూడా ఉంది, ఇవాళ కూడా ఇంత అన్నం అలాగే ఉంది అని. ఉల్లిపాయలు, మిరపకాయలు అన్నీ ఎందుకనుకున్నారు? దానికి రుచి తెప్పిస్తేనే గానీ లోపలికి దిగేది కాదు." ఆయాసం వచ్చి ఆగింది. "నేను ఇంత జబ్బుపడి ఇంటికొస్తే, మీరూ ఇప్పుడు అదే మూత తెచ్చి నా ముందే పెడుతున్నారు."

మాస్టరు తన చేతిలోని మూత వంక చూశాడు. ఇన్నాళ్ళూ తను వండిన తిండి గురించే ఆలోచించాడు. ఎంత ఉప్పు, ఎంత సెగ, నిన్నటిదా, ఇవాళ్టిదా. ఎవరూ తినని ఒక పళ్ళెం ఎదురుగా పెట్టుకుని ఒక మనిషి ఇన్ని వేల సాయంత్రాలు ఒంటరిగా ఎలా తిన్నదో అనేది ఆయన బుర్రకి ఎక్కలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేశాడు. మూత కింద పెట్టాడు. ఆవిడకి ఎదురుగా ఉన్న కుర్చీ లాగాడు. ఆ కుర్చీ మీద ఎప్పుడూ మడతపెట్టిన బట్టలే ఉంటాయి. బట్టలు తీసి మంచం మీద వేసి, కూర్చుని, చిన్న గిన్నెలో అన్నం పళ్ళెంలో వంపుకుని, పప్పు కలుపుకున్నాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ ఆయనకి తెలియలేదు, తనకి ఆకలిగా ఉందని. నిజమైన ఆకలి. అందులో మీగడ లేదు, జీడిపప్పు లేదు. మెత్తటి పప్పు, వేడి అన్నం, ఆకుకూర, ఆవిడ వేసిన చిటికెడు ఉప్పు. ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. అరచేతిలో చుక్కలు నాకి చూసే మనిషి, కడుపు నిండా తినడం ఎలాగో మళ్ళీ నేర్చుకుంటున్నట్టు తిన్నాడు.

కొంతసేపటికి గరిటె చప్పుడైంది. తలెత్తి చూస్తే భార్య లేచి, తన పళ్ళెంలోకి తనే ఇంకొంచెం వేసుకుంటోంది. తను చూస్తే ఆపేస్తుందేమోనని మళ్ళీ తల దించుకున్నాడు.

"బాగుందా?" అంది ఆవిడ.

"బాగుంది."

"దీన్ని వంటంటారా మీరు?"

"దీన్నే అంటారు" అన్నాడు మాస్టరు నోటినిండా అన్నంతో.

మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ మూత తీశాడు. గిన్నె ఖాళీ. వేయించడానికి మెతుకు లేదు, సోమవారం ఇంకా ఆరు రోజులే. కంగారుగా వెనక్కి తిరిగేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన భుజం మీంచి ఆ గిన్నెలోకి చూసింది. లోపలికి వచ్చి, గిన్నె చేతిలోకి తీసుకుని, లోపల వేలితో రాసి చూసింది. ఆ తర్వాత దాన్ని గుండెలకి ఆనించుకుని నవ్వింది, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"ఇవాళేం తింటావు మరి?" అన్నాడు మాస్టరు.

"ఆకలేస్తోంది. వేడివేడిగా ఏదో ఒకటి వండండి" అంది. "ఇద్దరికీ."

ఆ వారం వాళ్ళు తిన్నవి చెప్పుకోదగ్గ వంటలేం కావు. ఉడికించిన బంగాళాదుంపల్లో మిరియాల పొడి. టమాటాల్లో కొట్టిపోసిన గుడ్లు. రొట్టె, పప్పు. ఒకరోజు ఉత్త అన్నంలో పెరుగు. ఏదైనా పది పదిహేను నిమిషాల్లో అయిపోయేది, పొయ్యి మీద రెండో గిన్నె పెట్టాల్సిన పనే ఉండేది కాదు. పక్క గుమ్మంలోంచి టైలరమ్మ మాత్రం, "పొద్దున్న వాసన రావట్లేదేంటి వదినా, నాకు అన్యాయం జరిగిపోతోంది" అని గోల పెట్టింది.

మూడో సోమవారం నర్సు రెండుసార్లు చూసింది. ముల్లు నలభై మీద ఒక గీత. "చెప్పులు విప్పారా పిన్నిగారూ?" అని అడిగి, విప్పే ఉన్నాయని చూసి, మళ్ళీ ఎక్కించింది. అదే గీత. "ఏం పెట్టారు బాబాయిగారూ, మాకూ చెప్పండి, మిగతావాళ్ళకి రాసిస్తాం" అంది.

మాస్టరు చెప్పబోయి ఆగిపోయాడు. ఎన్నో రకాల కూరలకి కొలతలు నోటికి చెప్పగలడు. దీనికి కొలత చెప్పడం రాలేదు. "ఏం లేదమ్మా, ఉన్నదే" అన్నాడు. భార్య పక్కన నిలబడి చెప్పులు వేసుకుంటూ నవ్వుకుంది.

మర్నాడు సెలవు అయిపోయి మాస్టరు క్యాంటీన్‌కి వెళ్ళాడు. ఎర్ర బోర్డు అక్కడే ఉంది. దోసిలి కొలత కూడా మారలేదు. ఒక్క గిన్నెలో కూడా ఉప్పు తప్పలేదు. సాయంత్రం షిఫ్టుకి వడ్డన అయ్యాక, ఐదింటికి, ఎప్పటిలాగే వంటవాళ్ళు ఆయన పళ్ళెం నింపి గట్టు మీద పెట్టారు. ఆయన దాన్ని ముందుకు నెట్టేశాడు.

"ఏం మాస్టరూ, మన వంట మనకే పడట్లేదా?" అన్నాడు స్టోరు గుమాస్తా.

"ఆకలి ఉంచుకోవాలి" అన్నాడు మాస్టరు. వాళ్ళకి అర్థం కాలేదు. ఆయన చేతులు కడుక్కుని, బస్సు కోసం నడిచాడు. మూడు స్టాపులు దాటేసరికి కడుపు గుడగుడలాడింది. పక్క సీటాయనకి కూడా వినిపించినట్టుంది, అదోలా చూశాడు. మాస్టరు మాత్రం పట్టించుకోలేదు.

తలుపు తీసిన చప్పుడుకి వంటగదిలోంచి భార్య గొంతు వినిపించింది. ఎప్పటి మాటే, ఎప్పటి గొంతే. గోడవతల మిషను కూడా ఒక్కసారి ఆగింది.

"తినొచ్చారా?"

"లేదు" అన్నాడు మాస్టరు.